జర్మనీలో ఎక్స్చేంజ్ సెమిస్టర్: విమానం ఎక్కేలోపే రూమ్ ఖాయం చేసుకోవడం ఎలా?

ఎక్స్చేంజ్‌కి సెలెక్ట్ అయ్యారని మెయిల్ రాగానే చాలామంది ముందు టికెట్ ధరలు చూస్తారు, తర్వాత వీసా ఫైలు మొదలుపెడతారు. రూమ్ సంగతి మాత్రం "వెళ్ళాక చూసుకుందాంలే, అక్కడ మనవాళ్ళు ఉన్నారు కదా" అని పక్కన పెట్టేస్తారు. మీరు వెళ్ళేది జర్మనీకైతే ఈ వరుస తిరగేయండి. రూమే మొదటి పని. నేను అక్కడ ఒక సెమిస్టర్ చదివి వచ్చాను. అప్పటినుంచి ఏటా మా కాలేజీ నుంచి వెళ్ళే పిల్లలకు రూమ్ వెతకడంలో సాయం చేస్తున్నాను. క్లాసులు మొదలై నెల దాటినా సూట్‌కేసు పూర్తిగా తెరవకుండా, ఈ ఫ్రెండ్ రూమ్‌లో నాలుగు రోజులు, ఆ ఫ్రెండ్ రూమ్‌లో మూడు రోజులు గడిపినవాళ్ళను చూశాను. అలా ఉంటే చదువు మీద మనసు నిలవదు. ఆ పరిస్థితి మీకు రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. రెండేళ్ళ మాస్టర్స్‌కి వెళ్ళేవాళ్ళు రూమ్ వెతికే పద్ధతి మీకు పనికిరాదు. ఆరు నెలలకే అంటే చాలామంది ఓనర్లు ఒప్పుకోరు. అయితే మీకొక వీలు కూడా ఉంది. మీరు ఇక్కడినుంచి వెళ్తున్నట్టే అక్కడి విద్యార్థులు కూడా ఎక్స్చేంజ్‌కో ఇంటర్న్‌షిప్‌కో ఆరు నెలలు వేరే ఊరికి, వేరే దేశానికి వెళ్తుంటారు. రూమ్ పూర్తిగా వదిలేస్తే తిరిగొచ్చాక దొరకదని వాళ్ళ భయం. ఉంచుకుంటే ఉత్తపుణ్యానికి ఆరు నెలల అద్దె కట్టాలి. మంచం, బల్ల, కుర్చీ, గిన్నెలతో సహా ఆ రూములు సరిగ్గా మీకు కావాల్సిన నెలలే ఖాళీగా ఉంటాయి. డార్మ్ (విద్యార్థుల హాస్టల్) రాని పక్షంలో మీరు వెతకాల్సింది అలాంటి రూమ్ కోసం.

మెయిల్ వచ్చిన వారంలోనే

జర్మనీలో చాలా యూనివర్సిటీల్లో వింటర్ సెమిస్టర్ అక్టోబర్ 1 నుంచి మార్చి 31 వరకు, సమ్మర్ సెమిస్టర్ ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు. క్లాసులు సాధారణంగా అక్టోబర్ మధ్యలో, ఏప్రిల్ మధ్యలో మొదలవుతాయి. కొత్తగా చేరేవాళ్ళలో ఎక్కువమంది అక్టోబర్‌లోనే వస్తారు కాబట్టి సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా రూముల కోసం పెద్ద పోటీ. ఏ సెమిస్టర్‌లో వెళ్ళాలో ఎంచుకునే అవకాశం మీకుంటే, రూమ్ వరకు సమ్మర్ సెమిస్టరే సుఖం.

అక్కడ హాస్టళ్ళను ఎక్కువగా యూనివర్సిటీలు నడపవు. ఊరికో ప్రాంతానికో ఒక 'స్టుడీరెండెన్‌వెర్క్' అనే సంస్థ ఉంటుంది. క్యాంటీన్లు, డార్మ్‌లు దాని చేతిలో ఉంటాయి. చాలాచోట్ల ఎక్స్చేంజ్ విద్యార్థుల కోసం కొన్ని గదులు పక్కన పెడతారు. అవి యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీస్ ద్వారా వస్తాయి. అందుకే నామినేషన్ (మీ కాలేజీ మీ పేరు అక్కడికి పంపడం) తర్వాత నింపే అప్లికేషన్‌లో "వసతి కావాలా?" అన్న చిన్న ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. అక్కడ టిక్ పెట్టడం మర్చిపోయి ఆ కోటాలో అవకాశం పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. అలాంటి ప్రశ్నే కనబడకపోతే ఇంటర్నేషనల్ ఆఫీస్‌కి ఆ రోజే మెయిల్ పెట్టి రెండు విషయాలు అడగండి: ఎక్స్చేంజ్ వాళ్ళకు ప్రత్యేక కోటా ఉందా, స్టుడీరెండెన్‌వెర్క్‌కి మేమే విడిగా అప్లై చేయాలా? విడిగా అన్నారంటే అడ్మిషన్ లెటర్ వచ్చేదాకా ఆగాలో, నామినేషన్ మెయిల్ చాలో కనుక్కుని వెంటనే అప్లై చేయండి. వెయిటింగ్ లిస్టులో మీ స్థానం చాలాచోట్ల మీరు అప్లై చేసిన తేదీని బట్టే ఉంటుంది.

ఆఫర్ మెయిల్‌లో వస్తుంది, ఒప్పుకోవడానికి కొద్ది రోజులే గడువు ఇస్తారు. ఆ మెయిల్ స్పామ్‌లో పడి, పది రోజుల తర్వాత చూసుకుంటే గది ఇంకొకరికి వెళ్ళిపోయి ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా స్పామ్ ఫోల్డర్ రోజూ చూడండి. మొదటి ఆఫర్ నచ్చలేదని వదులుకుంటే రెండోది వస్తుందన్న నమ్మకం లేదు. గది చిన్నదైనా, క్యాంపస్‌కి ట్రామ్‌లో అరగంటైనా ఒప్పుకోండి.

ఇంకో సంగతి. డార్మ్ కాంట్రాక్టులు చాలావరకు సెమిస్టర్ చివరి తేదీకే ముగుస్తాయి. మీ పరీక్షలు ఫిబ్రవరి మధ్యలో అయిపోయి మీరు ఇంటికి వచ్చేసినా అద్దె మార్చి 31 దాకా కట్టాలి. బడ్జెట్‌లో ఆ ఆరో నెల కూడా వేసుకోండి.

డార్మ్ రాకపోతే

జర్మనీలో విద్యార్థులు ఎక్కువగా 'వేగే'లో ఉంటారు. ఒక ఫ్లాట్‌లో ముగ్గురు నలుగురు, ఎవరి గది వాళ్ళది, వంటిల్లు, బాత్రూమ్ అందరిదీ. వెళ్ళినవాళ్ళ గదిలో కొన్ని నెలలకు దిగడాన్ని 'త్స్విషెన్‌మీటె' అంటారు. వేగే-గెజూఖ్ట్ అనే సైట్‌లో ఈ రెండూ ఎక్కువగా దొరుకుతాయి. అందులో అద్దె గడువు 'పరిమితం' అని ఫిల్టర్ పెట్టి, మీ తేదీలు వేసి, సామానుతో ఉన్న గది అని టిక్ చేయండి. తేదీలు పక్కాగా కలవాలని పట్టుబట్టకండి. రెండు వారాలు అటూ ఇటూ అయితే అద్దె కొంచెం ఎక్కువ పడుతుందేమో గానీ గది దొరుకుతుంది.

మెసేజ్ రాయడం దగ్గర మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతింటారు. "హాయ్, ఈజ్ ద రూమ్ అవైలబుల్?" అని ఒకే ముక్క యాభై మందికి పంపి, ఎవరూ రిప్లై ఇవ్వలేదని బాధపడతారు. అవతలివాళ్ళకు పెద్ద ఊళ్ళలో రెండు రోజుల్లో వంద మెసేజ్‌లు వస్తాయి. చదివారో లేదో తెలుసుకోవడానికి కొందరు ప్రకటన మధ్యలో ఒక పదం దాచి "మీ మెసేజ్ ఈ పదంతో మొదలుపెట్టండి" అని రాస్తారు. కాబట్టి ప్రకటన జర్మన్‌లో ఉన్నా ట్రాన్స్‌లేటర్‌లో పెట్టి మొత్తం చదవండి.

మెసేజ్‌లో మీ పేరు, ఏ యూనివర్సిటీకి ఏం చదవడానికి వస్తున్నారో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉంటారో మొదటి రెండు వాక్యాల్లోనే వచ్చేయాలి. తర్వాత మీ గురించి నిజమైన నాలుగు మాటలు రాయండి. పొద్దున్నే లేస్తారా, వంట వచ్చా, ఆదివారం ఏం చేస్తారు. వాళ్ళు వెతికేది ఆరు నెలలు తమ వంటింట్లో తిరిగే మనిషిని. మొన్నామధ్య మా జూనియర్ అమ్మాయి ఒకామె, ప్రకటన ఫొటోలో కిటికీ పక్కన తులసిలా కనబడిన కుండీ గురించి అడిగింది: "అది బేసిల్ మొక్కేనా? మా అమ్మ పెరట్లో దాదాపు ఇలాంటిదే ఉంది, మీరు వెళ్ళాక నీళ్ళు నేను పోస్తాను." అరవై మెసేజ్‌ల్లో ఆమెకే కాల్ వచ్చింది, రూమ్ కూడా ఆమెకే వచ్చింది.

కాల్ అంటే వీడియోలో చిన్న పరిచయం. ఫ్లాట్‌లో మిగిలినవాళ్ళు కూడా కూర్చుంటారు. ఇంటర్వ్యూ అనుకుని బిగుసుకుపోకండి. మీరూ అడగండి: శుభ్రం చేసే వంతులు ఎలా, వాషింగ్ మెషీన్ ఉందా, ఇంట్లో ఎవరైనా సిగరెట్ కాలుస్తారా, రాత్రి పది తర్వాత ఎలా ఉంటుంది. మీరు శాకాహారులైతే ఫ్రిజ్‌లో అర ఎలా పంచుకుంటారో ఇప్పుడే అడగడం మంచిది.

వీటన్నిటికంటే దగ్గరి దారి ఇంకోటి ఉంది. మీ కాలేజీ నుంచే ఇప్పుడు అక్కడున్న సీనియర్ ఎవరు? వాళ్ళు మార్చి 31న ఖాళీ చేస్తే మీరు ఏప్రిల్ 1న దిగుతారు. మీ కాలేజీ ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఆఫీస్‌లో అడిగి పరిచయం చేసుకోండి. వాట్సాప్‌లో "అన్నా, రూమ్ ఉందా?" అని ఆపేయకుండా, మీ తేదీలు, బడ్జెట్, యూనివర్సిటీ ఉన్న ఏరియా రాసి పంపండి. అప్పుడు అన్న ఆ మెసేజ్‌ని ఉన్నదున్నట్టు పదిమందికి ఫార్వర్డ్ చేయగలడు.

అద్దె లెక్క

ప్రకటనలో రెండు అంకెలు కనబడతాయి. 'కాల్ట్‌మీటె' అంటే ఉత్త గది అద్దె. 'వార్మ్‌మీటె' అంటే హీటింగ్, నీళ్ళు, చెత్త ఖర్చులు కలిపి. మీరు చూడాల్సింది రెండోదే. అందులో కూడా కరెంటు, ఇంటర్నెట్ కలిశాయో లేదో విడిగా అడగాలి.

వీసాకి బ్లాక్డ్ అకౌంట్ (ముందే డబ్బు వేసి, నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగలిగే ఖాతా) చూపించేవాళ్ళకు 2024 సెప్టెంబర్ నుంచి లెక్క ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992. ఆ మొత్తం మారుతుంటుంది కాబట్టి మీరు అప్లై చేసేనాటికి ఎంతో ఎంబసీ సైట్‌లో చూసుకోండి. డార్మ్ గది చాలా ఊళ్ళలో సుమారు 250 నుంచి 400 యూరోల మధ్య దొరుకుతుంది. మ్యూనిక్‌లో బయట వేగే గదికి 700, 800 యూరోలు అడగడం మామూలే. 992లో 800 అద్దెకే పోతే హెల్త్ ఇన్సూరెన్స్‌కి, తిండికి ఏం మిగులుతుందో మీరే లెక్కేసుకోండి. కెమ్నిట్స్, లైప్‌త్సిగ్, డ్రెస్డెన్ లాంటి తూర్పు ఊళ్ళలో అద్దెలు బాగా తక్కువ. పార్ట్‌నర్ యూనివర్సిటీ ఎంచుకునేటప్పుడే ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. ర్యాంకింగ్ చూసినంత శ్రద్ధగా అద్దెలు కూడా చూడండి.

డిపాజిట్‌ని 'కౌత్సియోన్' అంటారు. చట్టం ప్రకారం అది మూడు నెలల కాల్ట్‌మీటెకు మించకూడదు. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది, మొదటి వాయిదా అద్దె మొదలయ్యేటప్పుడు. ఇంకా, ప్రతి ఇంటికీ రేడియో టీవీ రుసుము నెలకు 18.36 యూరోలు ఉంటుంది. అది మనిషికి కాదు, ఫ్లాట్‌కి. వేగేలో ఒకరు కడుతుంటే వాళ్ళు ఆ రుసుము కట్టే ఖాతా నంబర్ తీసుకుని, మీకు రుసుము లెటర్ వచ్చినప్పుడు ఆ నంబర్ రాసి పంపితే చాలు. డార్మ్‌లో కారిడార్‌లోకి తలుపున్న విడి గదైతే దాన్ని ఒక ఇంటికింద లెక్కేస్తారు.

డబ్బు పంపే ముందు

ఇక్కడ కాస్త ఆగి చదవండి. మోసం దాదాపు ఎప్పుడూ ఒకే తీరులో వస్తుంది. మ్యూనిక్ నడిబొడ్డున 45 చదరపు మీటర్ల ఫ్లాట్, 450 యూరోలు, ఫొటోల్లో తెల్లటి సోఫా. మీరు మెసేజ్ పెట్టిన గంటలో చక్కటి ఇంగ్లిష్‌లో పొడవాటి జవాబు. "నేను ఇంజనీరుని, ఉద్యోగం మీద లండన్‌లో స్థిరపడ్డాను. ఫ్లాట్ మా అమ్మాయి చదువు కోసం కొన్నాను. చూపించడానికి రాలేను. మీరు డిపాజిట్, ఒక నెల అద్దె పంపితే తాళాలు కొరియర్‌లో వస్తాయి, నచ్చకపోతే డబ్బు వెనక్కి." నమ్మకం కలగడానికి తన పాస్‌పోర్ట్ ఫొటో కూడా జతచేస్తాడు. ఆ పాస్‌పోర్ట్ అంతకుముందు మోసపోయిన ఎవరిదో అయ్యుంటుంది. అందుకే మీ పాస్‌పోర్ట్ స్కాన్ కూడా అడిగిన వెంటనే పంపకండి. కాంట్రాక్ట్ దశలో తప్పదనుకుంటే, కాపీ మీద ఎవరికి, ఎందుకు, ఏ తేదీన ఇస్తున్నారో అడ్డంగా రాసి పంపండి.

మా బ్యాచ్ తర్వాత వచ్చిన ఒక అబ్బాయి ఇలాగే 1,100 యూరోలు పంపాడు. అడ్రస్ నిజమే, ఆ బిల్డింగ్ కూడా నిజమే. సూట్‌కేసుతో వెళ్ళి బెల్ ప్యానెల్ మీద ఆ పేరు వెతికితే లేదు. కింద షాపులో అడిగితే, ఆ నెలలో అలా వచ్చినవాళ్ళలో తను మూడోవాడని చెప్పారట. వాళ్ళ నాన్నకు ఆ మాట చెప్పడానికి అతనికి వారం పట్టింది.

కాబట్టి డబ్బు కదిలేలోపు ఇవి చేయండి. ఫొటోలను రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో పెట్టి, అవే ఫొటోలు వేరే ఊరి ప్రకటనలో ఉన్నాయేమో చూడండి. వీడియో కాల్ అడగండి. రికార్డ్ చేసిన వీడియో పంపిస్తానంటే ఒప్పుకోకండి. లైవ్‌లో కిటికీ తెరిచి వీధి చూపించమనండి, కిందికి దిగి బెల్ ప్యానెల్ మీద పేరు చూపించమనండి. నిజమైన మనిషికి ఇది రెండు నిమిషాల పని. ఆ వీధిని మ్యాప్‌లో పెట్టి సరిపోల్చండి. ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళుంటే ఒక్కసారి వెళ్ళి చూడమని అడగడానికి మొహమాటపడకండి. డబ్బు బ్యాంక్ ఖాతాకే వెళ్ళాలి. జర్మన్ ఐబ్యాన్ (బ్యాంక్ ఖాతా అంతర్జాతీయ నంబర్) డీఈతో మొదలై మొత్తం 22 అక్షరాలుంటుంది. జర్మనీలో ఇల్లంటూ ఇంకో దేశం ఖాతా ఇస్తే, క్యాష్ ట్రాన్స్‌ఫర్ కేంద్రం ద్వారా పంపమంటే, అక్కడితో మాట్లాడటం మానేయండి. గది చూపించడానికి ఫీజు అడిగితే కూడా అంతే. బ్రోకర్ కమిషన్ సంగతైతే, బ్రోకర్‌ని పెట్టుకున్నవాళ్ళే కట్టాలని 2015 జూన్ నుంచి అక్కడ చట్టం ఉంది. ఓనర్ పెట్టుకున్న బ్రోకర్‌కి మీరు కట్టక్కర్లేదు.

రూమ్‌తో పాటు రావాల్సిన కాగితం

జర్మనీలో గదిలో దిగిన రెండు వారాల్లో మునిసిపల్ ఆఫీస్‌కి వెళ్ళి అడ్రస్ నమోదు చేసుకోవాలి. దాన్ని 'అన్‌మెల్డుంగ్' అంటారు. అది లేకపోతే రెసిడెన్స్ పర్మిట్ పని కదలదు, బ్యాంక్ ఖాతా దగ్గర కూడా ఇబ్బంది పడతారు. ఆ నమోదుకు ఇల్లిచ్చినవాళ్ళు సంతకం చేసిన ఒక పేజీ కావాలి. పేరు పెద్దది, 'వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్'. కాల్‌లో మొదటి పది నిమిషాల్లోనే అడగండి: "నేను ఈ అడ్రస్ మీద అన్‌మెల్డుంగ్ చేసుకోవచ్చా? ఆ కాగితం ఇస్తారా?"

"అది మాత్రం కుదరదు, మిగతా అంతా ఓకే" అన్నారంటే చాలాసార్లు అసలు ఓనర్‌కి చెప్పకుండా గది ఇస్తున్నారని అర్థం. తెలుగు గ్రూపుల్లో కూడా ఇలాంటి రూములు వస్తుంటాయి. సింగిల్ రూమ్‌లో ఇద్దరు, ముగ్గురు సర్దుకునేవి. మంచి మనసుతోనే పిలుస్తారు, ఆ సాయాన్ని నేను తక్కువ చేయను. నాలుగు రోజులు తలదాచుకోవడానికి వెళ్ళండి. ఆరు నెలలకు మాత్రం ఒప్పుకోకండి. ఓనర్‌కి తెలిస్తే రూమ్ ఇచ్చిన అన్న కాంట్రాక్ట్ కూడా పోతుంది. సబ్‌లెట్‌కి (అద్దెకున్నవాళ్ళు గదిని ఇంకొకరికి ఇవ్వడానికి) ఓనర్ అనుమతి ఉందని రాతలో చూపించమని అడగడం మర్యాద తప్పడం కాదు.

కాంట్రాక్ట్ జర్మన్‌లోనే వస్తుంది. మొదలు, ముగింపు తేదీలు, వార్మ్‌మీటె, డిపాజిట్, ఏ సామాను ఉంటుందో, ఈ నాలుగూ మీతో మాట్లాడినట్టే ఉన్నాయా చూసుకోండి. నిర్ణీత గడువు పెట్టిన కాంట్రాక్ట్‌ని మామూలుగా మధ్యలో రద్దు చేసుకోలేరు. వీసా ఆలస్యమైతే ఏం చేస్తారో సంతకానికి ముందే మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

టికెట్ బుక్ చేసేటప్పుడు

నేను శుక్రవారం సాయంత్రం దిగాను. డార్మ్ తాళాలు ఇచ్చే హౌస్‌మైస్టర్ (బిల్డింగ్ చూసుకునే మనిషి) ఆఫీస్ మధ్యాహ్నానికే మూసేశారు, మళ్ళీ సోమవారం పొద్దున. శని, ఆదివారాలు రెండు పెట్టెలతో యూత్ హాస్టల్ బెడ్ కోసం తిరిగాను. ఆదివారం సూపర్‌మార్కెట్లు కూడా మూసి ఉంటాయని అప్పుడే తెలిసింది. మీరు సోమవారం నుంచి బుధవారం మధ్యలో, పొద్దున చేరేలా టికెట్ తీసుకోండి. అక్టోబర్ 3 జాతీయ సెలవు, ఆ చుట్టుపక్కల తేదీలు జాగ్రత్తగా చూసుకోండి. తాళాల కోసం అపాయింట్‌మెంట్ మెయిల్‌లో ముందే తీసుకోండి. కాంట్రాక్ట్ 1వ తేదీ నుంచి అయితే అంతకుముందు గది ఇవ్వరు, ఆ రాత్రులకు యూత్ హాస్టల్ బుక్ చేసుకోవాలి.

డార్మ్ గదిలో మంచం, పరుపు ఉంటాయి గానీ దుప్పటి, దిండు చాలాచోట్ల ఉండవు. ఒక పల్చని దుప్పటి పెట్టెలో కాదు, చేతిసంచిలో పెట్టుకోండి. కుక్కర్ తీసుకెళ్ళేటట్టయితే స్టీలుది, ఇండక్షన్ అడుగున్నది తీసుకోండి. మన అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కదు.

తాళం చేతికొచ్చిన రోజు

గదిలో అడుగుపెట్టగానే పెట్టె విప్పకండి. ముందు గోడల మీద గీతలు, కార్పెట్ మరకలు, సింక్ పగుళ్ళు, కిటికీ అన్నీ ఫొటోలు తీసి, హ్యాండోవర్ కాగితంలో రాయించండి. రాయని మరక మీదే అవుతుంది, ఆరు నెలల తర్వాత డిపాజిట్‌లో కోస్తారు.

తర్వాత కిందికి దిగి పోస్ట్‌బాక్స్ మీద, బెల్ మీద మీ ఇంటిపేరు అతికించండి. అక్కడ అడ్రస్‌లో సాధారణంగా ఫ్లాట్ నంబర్ ఉండదు. పోస్ట్‌మ్యాన్ పేరు చూసే ఉత్తరం వేస్తాడు. బ్యాంక్ పిన్, ఇన్సూరెన్స్ కార్డు, ఇమ్మిగ్రేషన్ ఆఫీస్ ఉత్తరాలు అన్నీ కాగితం మీదే వస్తాయి. పేరు లేకపోతే తిరిగి వెళ్ళిపోతాయి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, పేరు ఒక్కోసారి తారుమారుగా పడుతుంటాయి కదా, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడిలో ఏదుంటే అదే అతికించండి. వేరే వాళ్ళ గదిలో ఉంటే వాళ్ళ పేరు కింద మీ పేరు.

తాళం పోగొట్టుకోకండి. బిల్డింగ్ మొత్తానికి ఒకే తాళాల వ్యవస్థ ఉన్నచోట ఒక్క తాళంచెవి పోతే చాలా తాళాలు మార్చాల్సి వస్తుంది, బిల్లు వేల యూరోల్లో ఉండొచ్చు. నెలకు కొద్ది యూరోలకే దొరికే లయబిలిటీ ఇన్సూరెన్స్ (మీ వల్ల ఇతరులకు జరిగే నష్టం కట్టేది) తీసుకోండి, అందులో తాళం పోవడం కూడా కవర్ అవుతుందా అని చూసి తీసుకోండి.

తాలింపు సంగతి కూడా చెప్పాలి. ఎండుమిర్చి ఘాటుకి మనం అలవాటుగా తలుపు తీస్తాం. డార్మ్‌లో కారిడార్ వైపు తలుపు తీస్తే పొగ అక్కడి అలారానికి తగిలి బిల్డింగంతా మోగుతుంది, ఫైరింజన్ వస్తుంది, దాని ఖర్చు మీ మీద పడొచ్చు. కారిడార్ తలుపు మూసి, కిటికీ బార్లా తెరిచి తాలింపు పెట్టండి. చలికాలంలో రోజూ రెండు మూడుసార్లు ఐదేసి నిమిషాలు కిటికీ పూర్తిగా తెరవడం కూడా అలవాటు చేసుకోండి. గదిలో బట్టలు ఆరేసి కిటికీలు మూసేస్తే గోడకు బూజు పడుతుంది, అది కూడా డిపాజిట్‌లోనే పోతుంది.

తిరిగి వచ్చేటప్పుడు

దేశం వదిలేముందు అడ్రస్ రద్దు చేయించండి, అన్‌మెల్డుంగ్‌కి ఉల్టా పని. ఆ కాగితం చూపించి రేడియో టీవీ రుసుము ఆపించుకోవాలి. డిపాజిట్ వెంటనే రాదు, వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అందుకని జర్మన్ బ్యాంక్ ఖాతా అది వచ్చేదాకా మూయకండి.

ఖాళీ చేసే తేదీ తెలియగానే మీ కాలేజీ నుంచి తర్వాత వచ్చే బ్యాచ్‌కి ఆ రూమ్ గురించి, ఆ తేదీ గురించి రాయండి. దుప్పటి, దిండు, స్టీలు కుక్కర్ వాళ్ళకు ఇచ్చేయండి. మా బ్యాచ్‌లో కొన్న కుక్కర్ నలుగురి చేతులు మారింది. మొన్న ఏప్రిల్‌లో వెళ్ళిన అమ్మాయికి గాస్కెట్ మాత్రం కొత్తది ఇక్కడినుంచి పంపాం.